పాత ఎలక్ట్రిక్ గిటారు: అది ఏది, ఎంత చేస్తుంది?

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి ముందుగది. మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద గిటారు కేసు పెట్టి ఉంచారు. ఆ ఇంటాయన చర్చి క్వయర్లోనూ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనూ ముప్పై ఏళ్లకు పైగా వాయించారు. ఆయన పోయి ఏడాది దాటింది. "బాబూ, మొన్న ఒకతను వచ్చి చూసి ఐదు వేలిస్తానన్నాడు. ఇచ్చేయమంటావా? దాని సంగతి నాకేమీ తెలియదయ్యా" అన్నారు ఆవిడ.

కేసు తెరిచాను. మధ్యలో తేనె రంగు, అంచులకు పోయేకొద్దీ నల్లబడే సన్‌బర్స్ట్. తల మీద పేరు స్క్వైర్. గిటార్ల గురించి కాస్త తెలిసిన ఎవరైనా ఆ పేరు చూడగానే తేలిగ్గా తీసేస్తారు. స్క్వైర్ అంటే ఫెండర్ కంపెనీ వాళ్ల చవక రకం, నేర్చుకునే పిల్లలు కొనేది. ఐదు వేలన్నతను కూడా ఆ పేరు చూసే అని ఉంటాడు. నేను గిటారును వెనక్కి తిప్పాను. మెడ, ఒళ్లు కలిసే చోట నాలుగు స్క్రూలతో బిగించిన చిన్న ఇనుప పలక ఉంటుంది. దాని మీద చెక్కిన నంబరు ముందు రెండక్షరాలు కనిపించాయి: జేవీ.

"అమ్మా, దీన్ని అప్పుడే ఎవరికీ ఇవ్వకండి. నాకొక గంట టైమివ్వండి" అన్నాను. ఆ గంటలో నేను చేసిన పని, ఎందుకు ఆ వరసలో చేశానన్నది ఇక్కడ రాస్తున్నాను. విజయవాడలో గిటారు నేర్పుతూ, బాగుచేస్తూ ఉండేవాణ్ని కాబట్టి నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే ప్రశ్న తీసుకొస్తారు. వాళ్లలో చాలామంది అప్పటికే డబ్బులిచ్చేసి వస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అసలు చిక్కు ఒకటే. "ఇది ఏది?" అన్న ప్రశ్న వేరు, "ఇది ఎంత చేస్తుంది?" అన్న ప్రశ్న వేరు. మనం రెండిటినీ కలిపేసి, తల మీద పేరు చూసి ధర చెప్పేస్తాం. ఆ పేరేమో గిటారు మొత్తంలో అన్నిటికంటే తేలిగ్గా మార్చగలిగిన భాగం. పల్చటి నీటి స్టిక్కరు మీద అచ్చేసిన పేరు అది. అలాంటి స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో వందల్లో దొరుకుతున్నాయి. ఉన్న పేరును సన్న ఉప్పుకాగితంతో రుద్ది, కొత్తది అంటించి, పైన ఒక పూత లక్క కొడితే సరి. అందుకని నేను మార్చడం ఎక్కువ కష్టమైన భాగం దగ్గర మొదలుపెట్టి, తేలికైన భాగం దగ్గర ముగిస్తాను. పేరు అన్నిటికంటే చివర.

టేపు, స్క్రూడ్రైవరు, మల్టీమీటరు

మొదట కొలత. తీగలు తల దగ్గర ఆనే తెల్లటి ముక్కను నట్ అంటాం. మెడ మీద అడ్డంగా దిగేసిన సన్నటి లోహపు కడ్డీలు ఫ్రెట్లు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే స్కేల్ పొడవు వస్తుంది. ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్), టెలికాస్టర్ మోడళ్లకు అది 648 మిల్లీమీటర్లు, అంటే 25.5 అంగుళాలు. గిబ్సన్ అనే ఇంకో పెద్ద కంపెనీ చేసే లెస్ పాల్‌కు సుమారు 628. పీఆర్‌ఎస్ కంపెనీ గిటార్లకు ఎక్కువగా 635. టేపులో ఫెండర్‌కు 324, గిబ్సన్‌కు 314 దగ్గర పన్నెండో ఫ్రెట్ రావాలి. ఫ్రెట్లు కొట్టేశాక ఈ కొలత మారదు. కాబట్టి ఏ కుటుంబపు గిటారో ఇక్కడే తేలిపోతుంది.

తర్వాత మెడ ఎలా కలిసిందో చూడాలి. ఫెండర్ పద్ధతిలో మెడను స్క్రూలతో బిగిస్తారు. గిబ్సన్ లెస్ పాల్‌లో జిగురుతో అతికిస్తారు. లెస్ పాల్ ఆకారంలో ఉండి వెనక నాలుగు స్క్రూలు కనిపిస్తే అది అసలు గిబ్సన్ లెస్ పాల్ అయ్యే అవకాశం దాదాపు లేదు. దాని అర్థం చెడ్డ గిటారని కాదు. ఎపిఫోన్ వాళ్ల చవక రకాలు అలాగే వస్తాయి, వాయించుకోవడానికి బాగానే ఉంటాయి. ఎపిఫోన్‌ను గిబ్సన్ మాతృసంస్థ 1957లో కొనేసింది కాబట్టి ఆ ఆకారం వాడుకునే హక్కు కూడా దానికుంది.

ఒంటి మందం కూడా చూడండి. స్ట్రాటోకాస్టర్ ఒళ్లు 45 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. చవక రకాలు కొన్ని వేలికి తెలిసేంత పలచన. ఈ కొలతలకు వెర్నియర్ కాలిపర్స్ ఉంటే మంచిది. ఆటోనగర్‌లో ఏ లేతు మిషను దగ్గరైనా అది ఉంటుంది. నేను మొదటిసారి అక్కడే అడిగి తెచ్చుకున్నాను.

ఇక విప్పి చూడటం. అమ్మేవాళ్ల ఎదురుగా, వాళ్ల అనుమతితో, తీగలు వదులు చేసి విప్పాలి. స్ట్రాట్ అయితే ముందున్న ప్లాస్టిక్ పలక, లెస్ పాల్ అయితే వెనక మూత. లోపల వాల్యూమ్, టోన్ నాబుల కింద గుండ్రటి పాట్లు కనిపిస్తాయి. పాత అమెరికన్ గిటార్లలో వాటి వీపున ఒక నంబరు అచ్చయి ఉంటుంది. 137 అని మొదలైతే సీటీఎస్ కంపెనీది, 304 అయితే స్టాక్‌పోల్‌ది. ఆ తర్వాతి అంకెలు ఏడాదీ, వారమూ. 1376632 అని ఉందనుకోండి, సీటీఎస్ వాళ్లు 1966లో 32వ వారంలో చేసిన పాట్ అది. గిటారు అంతకంటే ముందు తయారై ఉండదు, పాట్ తర్వాత మార్చి ఉంటే తప్ప. మార్చారో లేదో సోల్డరింగే చెప్తుంది. ఫ్యాక్టరీ అతుకు మెరుపు తగ్గి, దుమ్ము పట్టి, తీగ చివర వంపుతో సహా ఒకే తీరున ఉంటుంది. నిన్న మొన్న పెట్టిన అతుకు తళతళలాడుతూ, చుట్టూ గోధుమరంగు ఫ్లక్సు మరకతో దొరికిపోతుంది.

చవక గిటార్లలో పాట్లు అర్ధరూపాయి బిళ్లకంటే కూడా చిన్నగా, 16 మిల్లీమీటర్లవి పెడతారు. అసలువాటిలో 24 మిల్లీమీటర్లవి. తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చేది పికప్. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లున్న ఫెండర్లలో ఎక్కువగా 250 కిలో ఓమ్‌ల పాట్లు, రెండు చుట్టల హంబకర్లున్న గిబ్సన్లలో 500వి వాడతారు. మల్టీమీటరు పెట్టి పికప్‌నూ కొలవొచ్చు. మామూలు స్ట్రాట్ పికప్ ఐదున్నర నుంచి ఆరున్నర కిలో ఓమ్‌ల మధ్య, పాత తరహా హంబకర్ ఏడున్నర, ఎనిమిది దగ్గర చూపిస్తుంది. మీటరు ముల్లు కదలకపోతే కాయిల్ తెగిందని. పికప్ చుట్టే తీగ తలవెంట్రుక కంటే సన్నం, తెగితే మళ్లీ చుట్టించాల్సిందే.

స్ట్రాట్ మెడ విప్పగలిగితే ఇంకా మంచిది. ఒంట్లో కూర్చునే మెడ చివర, అంటే మడమ భాగంలో పెన్సిల్‌తోనో రబ్బరు ముద్రతోనో తేదీ ఉండొచ్చు. నేను మాత్రం వేరేవాళ్ల గిటారు మెడ మొదటిసారే విప్పను. స్క్రూ రంధ్రాలు పాడైతే ఆ తప్పు నాదవుతుంది. మిగతా ఆధారాలు పొంతన కుదరనప్పుడే ఆ పనికి దిగుతాను.

నంబరు చదవడం

ఇప్పుడు సీరియల్ నంబరు. చాలామంది దీంతోనే మొదలుపెట్టి దీంతోనే ముగిస్తారు. అది కూడదు. బ్రాడీపేట గిటారు పలకే చూడండి, నాలుగు స్క్రూలు విప్పితే చేతిలోకి వచ్చేస్తుంది, ఇంకో గిటారుకు పెట్టేయొచ్చు. నంబరు మిగతా సాక్ష్యాలతో కలిస్తేనే నమ్మాలి.

ఫెండర్ 1976కు ముందు నంబరును ఎక్కువగా ఆ వెనక పలక మీద వేసేది. ఆ తర్వాత తల మీదకు మార్చింది. అమెరికాలో చేసినవాటికి 70ల దశకానికి ఎస్, 80లకు ఈ, 90లకు ఎన్, 2000 తర్వాత జెడ్ అన్న అక్షరాలు ముందు వస్తాయి. దాని పక్క అంకె ఆ దశకంలో ఏడాది. ఎన్ 4తో మొదలైతే 1994 అని. 2010 నుంచి యూఎస్ అని వేసి పక్కన ఏడాది వేస్తున్నారు. మెక్సికోవి 90లలో ఎంఎన్, తర్వాత ఎంజెడ్, 2010 నుంచి ఎంఎక్స్. మన దగ్గర ఎక్కువగా తిరిగే స్క్వైర్‌లలో ఐసీఎస్ అని ఉంటే ఇండోనేషియాలో కోర్ట్ ఫ్యాక్టరీలో చేసినది, సీ అక్షరంతో మొదలయ్యేవి చాలావరకు చైనావి. ఒక మాట: అక్షరం దశకాన్ని చెప్తుంది తప్ప ఏడాది కచ్చితంగా చెప్పదు. ఫెండర్ స్టిక్కర్లు మిగిలిపోతే తర్వాతి ఏడాదిలో కూడా వాడేసింది. ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనుకోవాలి.

గిబ్సన్ పద్ధతి వేరు. 1977 నుంచి చాలా ఏళ్లు తల వెనక ఎనిమిదంకెల నంబరు లోపలికి అద్దేవారు. మొదటి అంకె, ఐదో అంకె కలిపితే ఏడాది. రెండు, మూడు, నాలుగు అంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెప్తాయి. 90451512 అని ఉందనుకోండి: తొమ్మిది, ఒకటి కలిపి 1991. మధ్యలో 045, అంటే నలభై అయిదో రోజు, ఫిబ్రవరి 14. మిగిలినది ఆ రోజు వరస. 2005 నుంచి తొమ్మిదంకెలయ్యాయి. మధ్య అంకెల్లో 366 దాటిన సంఖ్య కనిపిస్తే ఈ పద్ధతి ప్రకారం అలాంటి రోజే లేదు కాబట్టి ఆగి ఆలోచించాలి. 1977కు ముందు గిబ్సన్ నంబర్లు మాత్రం పెద్ద గందరగోళం. ఒకే నంబరును వేర్వేరు ఏళ్లలో మళ్లీ మళ్లీ వేశారు. వాటికి నంబరు చూసి ఏడాది చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి.

అసలు జేవీ అంటే ఏమిటో చెప్పాలి. 1965 జనవరిలో ఫెండర్‌ను అమెరికా రేడియో, టీవీ కంపెనీ సీబీఎస్ కొనేసింది, 13 మిలియన్ డాలర్లకు. ఆ తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ పనితనం పడిపోయిందన్నది వాయించేవాళ్ల అభిప్రాయం. అందుకే సీబీఎస్‌కు ముందువి ఒక ధర, తర్వాతివి ఒక ధర. ఈలోగా జపాన్‌లో టోకై, గ్రెకో లాంటి పేర్లతో పాత ఫెండర్లను, గిబ్సన్లను చూసి చేసిన నకళ్లు వచ్చాయి, అవి కొన్నిచోట్ల అసలువాటికంటే బాగున్నాయి. ఇక లాభం లేదని ఫెండర్ 1982లో జపాన్ వ్యాపారులతో కలిసి ఫెండర్ జపాన్ పెట్టింది. మత్సుమోతో ఊళ్లోని ఫుజిగెన్ ఫ్యాక్టరీలో 1957, 1962 నాటి స్ట్రాట్లను మళ్లీ చేయించింది. విదేశాలకు పంపడానికి వాటికి ఒక పేరు కావలసి వచ్చింది. ఫెండర్ 1965లోనే కొనిపెట్టుకున్న వీసీ స్క్వైర్ అనే తీగల కంపెనీ పేరు అప్పటికి మూలన పడి ఉంది. దాన్ని తీసి తగిలించారు. అలా 1982 నుంచి 1984 దాకా ఫుజిగెన్‌లో తయారైనవాటికి జేవీ, అంటే జపాన్ వింటేజ్, నంబర్లు పడ్డాయి. స్క్వైర్ పేరు చవక రకాలకు స్థిరపడింది ఆ తర్వాతే. అంటే ఆ మంచం మీదున్నది ఆ పేరుతో వచ్చిన మొట్టమొదటి వరసలోది, పనితనంలో అమెరికన్లే ఉలిక్కిపడ్డ వరసలోది.

ఆవిణ్ని అడిగాను, ఇది ఎక్కడ కొన్నారని. "మా మరిది ఓడల్లో పనిచేసేవాడు. జపాను నుంచి తెచ్చిచ్చాడు. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడాది" అన్నారు. పెద్దమ్మాయి పుట్టింది 1984లో. అంకెలు, చెక్క, కుటుంబం చెప్పే మాట మూడూ ఒకే వైపు చూపిస్తే ఇక నమ్మొచ్చు.

విజయవాడ కుర్రాడి లెస్ పాల్

అదే నెలలో మొగల్రాజపురం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఉద్యోగంలో చేరి మొదటి ఏడాది దాచుకున్న డబ్బుతో, ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకరి దగ్గర గిబ్సన్ లెస్ పాల్ కొన్నాడు. అరవై వేలు. "అన్నా, కొత్తదైతే రెండు లక్షల పైన కదా, మంచి బేరమే కదా?" అని మురిసిపోతూ సంచి విప్పాడు. ఆ మురిపెం నా చేత్తో తీసేయాల్సి రావడం ఇప్పటికీ బాధగానే ఉంది.

తల మీద గంట ఆకారంలో చిన్న నల్ల మూత ఉంటుంది, ట్రస్ రాడ్ మూత. మెడ వంపు సరిచేయడానికి దాని లోపల పెట్టే కడ్డీ ట్రస్ రాడ్. అసలు గిబ్సన్‌లో దానికి రెండు స్క్రూలు. అతని గిటారులో మూడు. మూత తీస్తే లోపల ట్రస్ రాడ్ చివర అసలుదాంట్లో పైనుంచి సాకెట్ రెంచ్ పట్టే ఇత్తడి మర నట్టు ఉండాలి. ఇక్కడ అలెన్ కీ దూరే రంధ్రం ఉంది. ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి నిలబడే రెండు స్తంభాల నెత్తిన స్క్రూడ్రైవర్ గాడులున్నాయి. చాలావరకు అసలు లెస్ పాల్‌లలో అవి ఉండవు, సన్నగా ఉండే స్తంభాలకు పక్కన తిప్పే చిన్న చక్రం ఉంటుంది. తల వెనక లైటు వాలుగా పడేలా పెట్టి చూపించాను. మెడ, తల కలిసే చోట అడ్డంగా ఒక గీత. రెండు ముక్కలు ఏటవాలుగా కోసి అతికించిన గీత అది. గిబ్సన్ మెడను ఎక్కువగా ఒకే దుంగ నుంచి కోస్తుంది, తల పక్కలకు చిన్న రెక్కల ముక్కలు మాత్రం అతికిస్తుంది. ఆ కోత వల్లే అది అక్కడ విరగడం ఎక్కువ, ఆ సంగతి తర్వాత.

ఇవేవీ ఒక్కొక్కటిగా తీర్పు చెప్పేవి కావు. గిబ్సన్ కూడా ఏళ్ల తరబడి విడిభాగాలు మార్చింది. నాలుగైదు కలిసి ఒకే మాట చెప్పినప్పుడు మాత్రం సందేహం అక్కర్లేదు. చివరికి నంబరు వెతికాం. అదే నంబరుతో ఇంకో నాలుగు గిటార్ల ఫొటోలు వేర్వేరు దేశాల నుంచి కనిపించాయి. డూప్లికేట్లు చేసేవాళ్లు ఒక నంబరునే అచ్చేసి వదులుతారు.

ఆ గిటారు వాయించడానికి పనికిరాదా అంటే, వస్తుంది. ఫ్రెట్లు సరిచేసి, నట్ మార్చితే అతను ఇప్పుడు దాని మీదే నేర్చుకుంటున్నాడు. కానీ దాన్ని గిబ్సన్ అని ఇంకొకరికి అమ్మనని నా దగ్గర మాటిచ్చాడు. ఆ మాట నాకు ఎంతో విలువైనది.

దీంతో పాటు ఇంకో పేరు చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దాన్ని అనవసరంగా నిందిస్తారు. గివ్‌సన్. ఇది కోల్‌కతా బ్రాండు. మన ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో ఎన్నో ఏళ్లుగా మోగిన గిటార్లలో ఈ పేరుతోనూ హాబ్నర్ పేరుతోనూ వచ్చినవి చాలా ఉంటాయి. ఇంట్లో పాత గిటారు బయటపడగానే పిల్లలు ఆ పేరును "గిబ్సన్" అని చదివి లక్షల కలలు కంటారు. ఇంగ్లీషు స్పెల్లింగులో మూడో అక్షరం దగ్గర ఆగి చూసుకుంటే చాలు. అది గిబ్సన్ కాదు గానీ మోసమూ కాదు. విదేశీ గిటారు కొనే స్తోమత ఎవరికీ లేని రోజుల్లో ఈ ఊళ్ల చేతులకు తీగలు అందించింది అలాంటి వాయిద్యాలే. వాటి ధర తక్కువే, గౌరవం మాత్రం తక్కువ కాకూడదు.

మన నేల, మన నీళ్లు

గిటారు ఏదో తేలాక, ఎలా ఉందో చూడాలి. ఇక్కడ మన ఊళ్ల వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. విజయవాడ ఎండల్లో కారు డిక్కీలో గిటారు వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది. కృష్ణ ఒడ్డున తేమకు తీగలు, స్క్రూలు తుప్పు పడతాయి. ఏసీ గదిలో ఎండిన మెడ ముడుచుకుపోయి, ఫ్రెట్ల చివరలు అంచున రంపపు పళ్లలా చేతికి గుచ్చుకుంటాయి. మెడ అంచు వెంట అరచేతిని పైకీ కిందికీ జార్చి చూడండి, తెలిసిపోతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆ ఇళ్లలో గిటార్లూ ఉన్నాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, తీగలు మార్చి అమ్మేస్తే పైకి ఏమీ కనిపించదు. పాపం, అమ్మేవాళ్లలో చాలామందికి మోసం చేయాలని ఉండదు, పోయినదాంట్లో ఎంతో కొంత వస్తుందని. కొనేవాళ్లు మాత్రం మూత విప్పి చూసుకోవాలి. పికప్ గుంట మూలల్లో ఎండిన ఒండ్రు పొర, స్క్రూల మెడల దగ్గర ఎర్ర తుప్పు, కేసు లోపలి బొచ్చుగుడ్డ అడుగున నీటి గీత, మూసిన కేసు తెరవగానే ముగ్గిన వాసన. ఆ నాలుగింటిలో రెండు కనిపిస్తే నేను ఆ గిటారుకు విడిభాగాల ధరే చెప్తాను.

మెడ వంపు చూడటానికి ఒక తేలిక పద్ధతి. ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావైనదాన్ని, మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టి, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడాలి. విజిటింగ్ కార్డు ఒకటి దూరేంత, అంటే పావు మిల్లీమీటరు దగ్గర ఉంటే బాగున్నట్టు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ తిప్పి సరిచేయొచ్చు, కానీ ఆ రాడ్ తిరుగుతుందో లేదో కొనక ముందే చూడాలి. బిగుసుకుపోయిన రాడ్ ఉన్న మెడ, ఎంత పేరున్నదైనా, అరిగిపోయిన బేరింగున్న బండి లాంటిది.

ఫ్రెట్లు ముఖ్యం. మొదటి మూడు ఫ్రెట్లలో తీగల కింద గాడులు పడి ఉంటాయి, ముఖ్యంగా తల దగ్గర పట్టే ఓపెన్ కార్డ్‌లే (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) ఎక్కువ వాయించినవాటిలో. లోతు తక్కువైతే అరగదీసి సమం చేయొచ్చు. ఎక్కువైతే మొత్తం ఫ్రెట్లు మార్చాలి, ఆ ఖర్చు ఒక్కోసారి కొత్త గిటారు కొన్నంత అవుతుంది. బేరంలో మొదట మాట్లాడాల్సింది దీని గురించే.

మరి ఎంత?

ఇప్పుడు ధర. నా లెక్క ఇలా ఉంటుంది. ఆ మోడలు ఇప్పటికీ కొత్తగా దొరుకుతూ ఉంటే, ఇప్పటి కొత్త ధరలో సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్య. మంచి స్థితిలో ఉన్నది పైన, అరిగినది కింద. అందులోంచి వెంటనే పెట్టాల్సిన ఖర్చు తీసేయాలి: తీగలు, సెటప్, ఫ్రెట్ల పని, పాడైన జాక్. పాతదైనా కొత్తదైనా దుకాణం అడిగే ధర, ఆన్‌లైన్‌లో పెట్టిన ధర ఇవేవీ లెక్కలోకి తీసుకోవద్దు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. నిజంగా డబ్బు చేతులు మారిన ధరే ధర. రివర్బ్ లాంటి విదేశీ సైట్లలో అమ్ముడైనవాటి ధరలు విడిగా కనిపిస్తాయి. మన దగ్గర అలాంటి లెక్క లేదు కాబట్టి నలుగురు వాయించేవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

వయసుకు విలువ కట్టకండి. నలభై ఏళ్లనాటి అనామక గిటారు నలభై ఏళ్లనాటి అనామక గిటారే. 1958 నుంచి 1960 దాకా వచ్చిన సన్‌బర్స్ట్ లెస్ పాల్‌లకు ఇప్పుడు కోట్లలో ధర ఉందంటే, అవి చాలా కొద్దిగానే తయారయ్యాయి, వాటిలో పెట్టిన హంబకర్లు గిబ్సన్ ఇంజనీరు సేథ్ లవర్ రూపొందించినవి, ఆ శబ్దం కోసం రెండు తరాలు తపించాయి కాబట్టి. పాతబడినంత మాత్రాన ఏదీ అలా కాదు.

విలువను సగానికి కోసేవి రెండు. ఒకటి, తల విరిగి అతికించినది. గిబ్సన్ తల వెనక్కి వాలి ఉంటుంది, ఒకే చెక్కలో నారలు అడ్డంగా పడతాయి, కింద పడితే అక్కడే విరుగుతుంది. బాగా అతికిస్తే వాయించడానికి ఏ లోటూ ఉండదు, ధర మాత్రం సగమే. వాయించుకోవడానికి కొనేవాళ్లకు అదొక వరం అంటాను నేను. రెండోది, రంగు మళ్లీ వేసినది. పాత గిటారు గీతలు చూసి ఎవరో ముచ్చటపడి ఆటోనగర్‌లో కారు పెయింటు వేయించారనుకోండి, ఎంత నిగనిగలాడినా సేకరించేవాళ్లు వెనక్కి తగ్గుతారు. తీగలు తుప్పుపడితే మార్చండి, దుమ్ము తుడవండి. అమ్మబోయే గిటారుకు అంతకు మించి ఏమీ చేయొద్దు.

మళ్లీ బ్రాడీపేటకు వస్తాను. ఆ గిటారులో వాల్యూమ్ పాట్ ఎప్పుడో మార్చారు. తల మీద తీగలు బిగించే ఆరు కీస్‌లో నాలుగు వేరే రకం. మొదటి అయిదు ఫ్రెట్లలో గాడులు. పికప్‌లు మూడూ మీటరులో సరిగ్గా చూపించాయి, మెడ నిటారుగా ఉంది. జేవీ స్ట్రాట్లు విదేశాల్లో వెయ్యి డాలర్ల చుట్టుపక్కల, బాగుంటే ఇంకా పైకి పోతున్నాయి. రూపాయల్లో ఎనభై వేల పైమాటే. కానీ అక్కడికి పంపాలంటే రవాణా, సైటు కమీషను, దారిలో విరుగుతుందన్న భయం. ఫ్రెట్‌బోర్డు రోజ్‌వుడ్‌ది. 2017లో రోజ్‌వుడ్ మీద అంతర్జాతీయ అనుమతి పత్రాల నిబంధన పెట్టి, 2019 నవంబరులో తయారైన వాయిద్యాలకు సడలించారు కాబట్టి ఆ చిక్కు తీరింది. అయినా ఆ వయసులో ఆవిడ పార్సెళ్ల వెంట తిరగలేరు. ఇక్కడే, దీని విలువ తెలిసిన వాళ్లకే అమ్మాలి. మారిన కీస్‌కూ, ఫ్రెట్లకూ తగ్గించి యాభై వేలు చెప్పాను.

ఆవిడ లోపలికి వెళ్లి ఒక హార్లిక్స్ సీసా తెచ్చారు. "ఆయన ఏదీ పారేసేవాడు కాదయ్యా. ఇవేమైనా పనికొస్తాయా?" సీసా బోర్లిస్తే, దుప్పటి మీద పాత పాట్ ఒకటి, తుప్పు పట్టిన ఆరు స్క్రూలు, గుడ్డపీలికలో చుట్టిన నాలుగు అసలు కీస్. తల మీద పాత రంధ్రాల్లో పెట్టి చూశాను, అచ్చంగా కూర్చున్నాయి. యాభై వేలన్నది అరవై రెండుకు మార్చాను.

పది రోజుల తర్వాత విజయవాడలో ఆర్కెస్ట్రాల్లో వాయించే ఒకాయన ఆ ధరకే తీసుకున్నారు. బేరం ఆడలేదు. తెల్లకాగితం మీద రసీదు నేనే రాశాను, అలా రాయడం ఎవరికైనా మంచిది: పలక మీది నంబరు, తయారైన కాలం, మార్చిన భాగాలు, ఇచ్చిన పాత భాగాలు, ఫ్రెట్ల స్థితి, ధర, రెండు వైపుల సంతకాలు, ముందూ వెనకా తీసిన ఫొటోలు. రాయడం అయిపోయాక ఆవిడ కేసులోంచి భుజానికి వేసుకునే తోలు బెల్టు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఇది మాత్రం ఇవ్వనయ్యా" అన్నారు. రసీదులో చివరి వరస కింద ఇంకో వరస చేర్చాను: బెల్టు అమ్మకంలో లేదు.